పెట్టె ధర కాదు.. రోజు ఖర్చు లెక్కేయండి

క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గరపడుతున్నాయంటే హాస్టళ్లలో రెండు కొనుగోళ్లు జరుగుతాయి. ఒకటి ఫార్మల్ షూ. రెండోది కాంటాక్ట్ లెన్స్. అయిదో తరగతి నుంచీ 'సోడాబుడ్డి' అని పిలిపించుకున్నవాళ్లకి ఆ రెండో కోరిక ఎంత బలంగా ఉంటుందో నాకు తెలుసు. నా సైట్ మైనస్ 5.25. బీటెక్ ఆఖరి ఏడాదిలో నేనూ కొన్నా. కళ్లజోడు చీటీ పట్టుకుని అమీర్‌పేటలో ఓ షాపుకెళ్లి, 'అన్నా, అన్నిటికన్నా తక్కువవి ఇవ్వు' అన్నా. అతను చీటీలో నంబరు చూసి, ఏడాదిపాటు వాడుకునే లెన్స్ జత ఒకటి, చిన్న సొల్యూషన్ సీసా ఒకటి చేతిలో పెట్టాడు. కన్ను చూసిందీ లేదు, పెట్టుకోవడం నేర్పిందీ లేదు.

నాలుగు నెలలు తిరిగేసరికి, సరిగ్గా ఓ ఇంటర్వ్యూకి రెండు రోజుల ముందు ఎడమ కన్ను మిరపపండులా ఎర్రబడింది. వెలుతురు చూడలేను, రెప్ప తెరవలేను. కార్నియా మీద పుండు మొదలైందన్నారు డాక్టరు. చూపు దక్కింది, ఇంటర్వ్యూ పోయింది. ఫీజులు, చుక్కల మందులు, తిరుగుళ్లు కలిపితే లెన్స్ ధరకి ఎన్నో రెట్లు తేలింది. తప్పంతా షాపు మీద తోసెయ్యను. సొల్యూషన్ అయిపోతే వారం రోజులు కుళాయి నీళ్లలో నానబెట్టింది నేనే.

తక్కువలో కొనాలనుకోవడం తప్పు కాదు. ఇంటి నుంచి నెలనెలా డబ్బు తెప్పించుకునేవాళ్లకి వేరే దారి కూడా లేదు. కాకపోతే మిగుల్చుకోవాల్సిన చోట వదిలేసి, ముట్టుకోకూడని చోట మిగులుస్తున్నాం. పెట్టె మీద ధర చూస్తాం. నెలలో ఎన్ని రోజులు పెట్టుకుంటామో లెక్కేయం.

వేసి చూద్దాం. నెలవారీ లెన్సులు ఆరు ఉన్న పెట్టె 1,200 రూపాయలు అనుకోండి. రెండు కళ్లకీ మూడు నెలలు వస్తుంది, అంటే నెలకి 400. సొల్యూషన్‌కి నెలకి 250 వేసుకుంటే మొత్తం 650. రోజూ పెట్టుకునేవాళ్లకి రోజుకి 22 రూపాయల లోపే పడుతుంది. బాగానే ఉంది. అదే ఒక్కరోజు వాడి పారేసే డైలీ లెన్సులు 30 ఉన్న పెట్టె 1,500 అనుకుంటే, ఒక జత 100 రూపాయలు. 'అమ్మో, రోజుకి వందా!' అంటాం. కానీ మనలో చాలామంది లెన్స్ పెట్టుకునేది పెళ్లిళ్లకి, ఇంటర్వ్యూలకి, ఆదివారం క్రికెట్‌కి. నెలకి నాలుగైదు రోజులు. అలాంటివాళ్లకి డైలీలతో అయ్యేది 400, 500. సొల్యూషన్ అక్కర్లేదు, డబ్బా అక్కర్లేదు, కడగక్కర్లేదు. పైగా నెలవారీ లెన్స్ అంటే ముప్పైసార్లు వాడేది కాదండీ. సీల్ తీసిన రోజు నుంచి ముప్పై రోజులు. నాలుగుసార్లే పెట్టుకున్నా నెల తిరిగితే చెత్తబుట్టలోకే. మీ ఊళ్లో ధరలు వేరే ఉండొచ్చు, అవే పెట్టి చూసుకోండి. నా లెక్కలో నెలకి ఆరు రోజులు దాటకపోతే డైలీలే చౌక. ఏడాది లెన్సులు కాగితం మీద అన్నిటికన్నా చవకే. కానీ రోజులు గడిచేకొద్దీ కన్నీళ్లలోని ప్రొటీన్లు వాటికి పేరుకుంటాయి. కొన్నాళ్లకి కంట్లో ఇసుక పడ్డట్టే ఉంటుంది.

మొదటి ఖర్చు మాత్రం పరీక్షకి పెట్టండి. కళ్లజోడు చీటీ లెన్స్ చీటీ కాదు. అద్దం కంటికి కాస్త దూరంగా ఉంటుంది, లెన్స్ కంటి మీదే కూర్చుంటుంది కాబట్టి పెద్ద సైట్ ఉన్నవాళ్లకి పవర్ మారుతుంది. నాకు మైనస్ 5.25 కాదు, మైనస్ 5.00 సరిపోయింది. ఇన్నాళ్లూ ఎక్కువ పవర్ పెట్టుకుని సాయంత్రమయ్యేసరికి తలనొప్పి అంటూ కూర్చున్నా. పవర్‌తో పాటు బేస్ కర్వ్, డయామీటర్ అని ఇంకో రెండు కొలతలుంటాయి. చెప్పుల సైజు లాంటివే. బిగుతైతే కన్ను ఎర్రబడుతుంది, వదులైతే రెప్ప కొట్టినప్పుడల్లా జారుతుంది. సిలిండర్ పవర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కొన్ని షాపులు దాన్ని వదిలేసి మామూలు లెన్స్ అంటగడతాయి. లాప్‌టాప్ మీద అక్షరాలు నీడలు పడుతుంటే అదే కారణం కావచ్చు. ధర ఎక్కువైనా టోరిక్ లెన్స్ అడగండి. ట్రయల్ లెన్స్ పెట్టించుకుని అరగంట అటూఇటూ తిరిగి, ఫోన్ చదివి, అప్పుడు నిర్ణయించుకోండి. సిగ్గుపడాల్సిందేం లేదు, బట్టల షాపులో ఎన్ని విప్పిస్తాం!

సౌకర్యం గురించి ఒక్క మాట. కార్నియాకి రక్తనాళాలు ఉండవు, ఆక్సిజన్‌ని చాలావరకు నేరుగా గాలి నుంచే తీసుకుంటుంది. దాని మీద మూత పెడుతున్నాం కాబట్టి, ఆ మూత గాలి ఆడనిచ్చేదై ఉండాలి. సిలికాన్ హైడ్రోజెల్ రకం పాత హైడ్రోజెల్ కన్నా ఈ విషయంలో చాలా మెరుగు. మాదాపూర్‌లో ఏసీ కింద పది గంటలు స్క్రీన్ చూసేవాళ్లు ఇంకో పదో పరకో పెట్టి అదే తీసుకోవడం మంచిదంటాను. స్క్రీన్ ముందు రెప్ప కొట్టడమే తగ్గిపోతుంది, ఎంత మంచి లెన్స్ అయినా పొడిబారుతుంది. మధ్యమధ్య రెప్పలు కొట్టడానికి మాత్రం ఖర్చు లేదు.

ఇక నీళ్లు. మినరల్ వాటర్ క్యాన్‌దైనా, కాచి చల్లార్చిందైనా లెన్స్‌కి నీళ్లు తగలకూడదు. కుళాయి నీళ్లలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు. అది కార్నియాలో చేరితే నెలల తరబడి వైద్యం, ఒక్కోసారి కార్నియా మార్పిడి దాకా పోతుంది. నిన్నటి సొల్యూషన్‌లోనే కాస్త కొత్తది కలపడం కూడా అలాంటి పొదుపే. రాత్రి బస్సులో ఊరెళ్తూ లెన్స్‌తోనే నిద్రపోవడం, బకెట్ స్నానం అయినా సరే లెన్స్‌తో చేయడం కూడా ఈ కోవలోవే. (ఆవకాయ అన్నం కలిపిన చేత్తో లెన్స్ తీసిన కథ నాకొకటి ఉంది. అది వద్దులెండి.) కన్ను ఎర్రబడి నొప్పి పుడితే లెన్స్ తీసేసి ఆరోజే కంటి డాక్టరు దగ్గరికెళ్లండి. లెన్స్‌నీ డబ్బానీ వెంట తీసుకెళ్లండి. మెడికల్ షాపులో అడిగి చుక్కలు వేసుకోవద్దు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది. డబ్బు లేదని ఆగొద్దు. హైదరాబాద్‌లో ఉంటే మెహదీపట్నం సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది పెళ్లిళ్లలో రంగు లెన్సుల పంపకం. అక్క పెట్టుకున్న తేనె రంగు లెన్స్ రిసెప్షన్ నాటికి చెల్లి కంట్లో ఉంటుంది. పవర్ లేకపోయినా అది కంటి మీద కూర్చునేదే కదా. ఒకరి టూత్‌బ్రష్ ఇంకొకరు ముట్టుకోం, ఇదెలా పెట్టుకుంటాం?

కొలతలన్నీ తేలాక ఆన్‌లైన్‌లో కొనుక్కోవడంలో తప్పులేదు, ఆఫర్లూ ఉంటాయి. సీల్, గడువు తేదీ, బేస్ కర్వ్ మీ చీటీలో ఉన్నవేనా చూసుకోండి. ఏడాదికి సరిపడా ఒకేసారి మాత్రం కొనొద్దు, చదువుకునే వయసులో సైట్ మారుతూ ఉంటుంది. మరో సంగతి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి చదివేవాళ్లు కొందరు లెన్స్‌తో మెడికల్ దాటేయొచ్చనుకుంటారు. అక్కడ ఏ-1 ప్రమాణం. అద్దాలు లేకుండానే రెండు కళ్లకీ దూరపు చూపు 6/6 ఉండాలి. లెన్స్ లెక్కలోకి రాదు. కోచింగ్‌కి ఫీజు కట్టకముందే కళ్లు చూపించుకోండి.

ఇప్పుడు నా బ్యాగులో రెండు జతల డైలీలూ, కళ్లజోడూ ఎప్పుడూ ఉంటాయి. మొన్న ఉద్యోగం మారేటప్పుడు ఇంటర్వ్యూకి కళ్లజోడుతోనే వెళ్లా. ముందురోజు రాత్రి రెండింటి దాకా చదివి కళ్లు మండుతున్నాయి, లెన్స్ పెట్టే ధైర్యం చాలలేదు. తీరా లోపలికెళ్లి చూస్తే ప్యానెల్‌లో ముగ్గురికీ కళ్లద్దాలే.