యునానీ మన విరాసతే, ఆ బచ్చీ జిందగీ మన జాగీరా?

ఏ పిల్లకైనా ఎంబీబీఎస్ సీటు తప్పిపోయిందని తెలిస్తే చాలు, మన బిరాదరీలో అందరూ హకీములైపోతారు. నబ్జ్ పట్టకుండానే నుస్ఖా రాసేస్తారు. "యునానీ తీసుకోండి భాయ్, మన విరాసత్" అని ఒకరు. "జవాన్ పిల్లను అంత దూరం కర్నూలు పంపుతారా? రాజమండ్రిలో హోమియో ఉంది కదా" అని ఇంకొకరు. "ఏదైతే ఏముంది, పేరు ముందు డాక్టర్ అని పడితే రిష్తాలు అవే వస్తాయి" అని మూడో ఆయన. అందరూ అయ్యాక గొంతు తగ్గించి చెప్పే నాలుగో మాట ఒకటుంది. "పట్టా చేతికొచ్చాక ఇంగ్లీషు మందులే రాసుకోవచ్చు, ఎవడు అడుగుతాడు?"

ఈసారి ఈ పంచాయితీ మా అన్నవరంలో నడుస్తోంది. ఎవరింటి పిల్లో చెప్పను. కొండ కింద దుకాణం మీద బతికే ఇంటి పిల్ల అనుకోండి, చాలు. ఆయుష్ కౌన్సెలింగ్‌లో ఆమె ర్యాంకుకు రెండు సీట్లు అందేలా ఉన్నాయి. ఒకటి కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ పేరిట ఉన్న యునానీ కాలేజీలో బీయూఎంఎస్. రెండోది రాజమండ్రిలో డాక్టర్ అల్లు రామలింగయ్య పేరిట ఉన్న ప్రభుత్వ హోమియో కాలేజీలో బీహెచ్‌ఎంఎస్. అవును, మనందర్నీ నవ్వించిన ఆ అల్లు రామలింగయ్యే. ఆయన హోమియో వైద్యం కూడా చేసేవారు. రెండు కోర్సులూ నాలుగున్నరేళ్ల చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. వెబ్ ఆప్షన్లలో ఏది ముందు పెట్టాలన్నది సవాల్.

నా జవాబ్ ముందే చెప్పేస్తాను. ఏది ముందు పెట్టాలో ఖౌమ్ చెప్పక్కర్లేదు, మామూలు చెప్పక్కర్లేదు, రిష్తాలు కుదిర్చేవాళ్లు అసలే చెప్పక్కర్లేదు. ఆ పట్టాతో రేపు తన చేతులకు కానూన్ ఏం చేయనిస్తుందో తెలుసుకుని ఆ పిల్లే ఫైసలా చేసుకోవాలి. మనం చేయగలిగిన ఖిద్మత్ ఒకటే, ఆమెకు పూరా నిజం చెప్పడం. మనలో ఒక్కరూ చేయనిది అదే.

"మనది" అనే మాట నుంచే మొదలుపెడదాం. యునానీ అంటే ఏమిటి? యూనాన్‌ది అని. యూనాన్ అంటే గ్రీసు దేశం. మన హకీములు తరతరాలుగా పేరు తలచుకునే బుఖ్రాత్, జాలీనూస్ ఇద్దరూ యూనానీలే. ఆ ఇల్మ్‌ను అరబ్బులు తర్జుమా చేసుకున్నారు. ఇబ్నె సీనా 'అల్ ఖానూన్' రాశాడు. అది లాటిన్‌లోకి వెళ్లి యూరప్ విశ్వవిద్యాలయాల్లో వందల ఏళ్లు పాఠ్యగ్రంథంగా ఉంది. ఇక హోమియో మొదలుపెట్టిన హానిమన్ జర్మనీవాడు. అంటే రెండూ ఎక్కడి నుంచో మన దగ్గరికి వచ్చినవే. ఇల్మ్‌కు పాస్‌పోర్టు ఉండదు. ఎవరు నేర్చుకుని పరీక్షించి ముందుకు తీసుకెళ్తే వాళ్లదవుతుంది. ఒక పద్ధతి పేరు ఉర్దూలో ఉందని అది నా ఖూన్‌లో ఉన్నట్టు కాదు.

ఈ మాట ఉర్దూ తెలియనివాడు అంటే మీరు కోప్పడేవారు. నేను ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. మిజాజ్, అఖ్లాత్, ఇలాజ్ బిత్ తద్‌బీర్ లాంటి మాటలు చెవిన పడితే ఇప్పటికీ నాకు ఖుషీగానే ఉంటుంది. అందుకే చెబుతున్నాను, ఆ ఖుషీ నాది. దాని బిల్లు పద్దెనిమిదేళ్ల పిల్ల ఎందుకు కట్టాలి? మన ఇళ్లలో పిల్లలకు ఉర్దూ బోల్‌చాల్ వరకే వచ్చు. బడి అంతా తెలుగులోనో ఇంగ్లీషులోనో అయిపోయింది. ఖురాన్ నాజిరా చదివారు కాబట్టి హర్ఫ్‌లు గుర్తుపడతారు. కానీ జేర్, జబర్ లేని నస్తాలీఖ్ అక్షరాలను గబగబా చదివి, అందులో కుల్లియాత్, ఇల్ముల్ అద్వియా, మొఆలజాత్ అర్థం చేసుకోవడం వేరే మెహనత్. చేయలేరని అనను. చేయాలన్న షౌఖ్ ఆ పిల్లకుంటే షాబాష్. లేకపోతే, పాతికేళ్లుగా ఊళ్లో ఒక్క ఉర్దూ టీచరు పోస్టు కోసం అర్జీ రాయని పెద్దలు, ఉర్దూ బరువంతా ఆమె నెత్తిన పెట్టడం జులుమ్.

ఇంకో మాట కూడా అడగాలి. "మన విరాసత్" అంటున్న సాహెబులకు ఛాతీలో నొప్పి వస్తే ఎక్కడికి పోతున్నారు? మాజూన్ కోసం వెతుకుతున్నారా, కారెక్కి కాకినాడ పరిగెడుతున్నారా? పరిగెత్తడమే సహీ. నేనూ అదే చేస్తాను. కాకపోతే మీ గుండెకు మీరు వేసుకోని మందును ఆమె జిందగీకి ఎలా రాస్తున్నారన్నదే నా సవాల్.

ఇప్పుడు ఆ నాలుగో మాట, గొంతు తగ్గించి చెప్పేది. అన్నిటికన్నా ఖతర్నాక్ అదే. హోమియో పట్టా ఉన్న డాక్టరు ఇంగ్లీషు మందులు రాసి రోగి చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 1996లోనే తేల్చేసింది. తాను చదవని పద్ధతిలో వైద్యం చేయడమే నిర్లక్ష్యం అంది. పూనమ్ వర్మ కేసు అంటారు దాన్ని. 1998లో ముఖ్తియార్ చంద్ కేసులో, రాష్ట్ర చట్టం అనుమతిస్తే తప్ప దేశీయ వైద్య పట్టాలున్నవారు అల్లోపతి రాయడానికి హక్కు లేదంది. ఆయుష్ వాళ్లకు బ్రిడ్జి కోర్సు పెట్టి కొంతవరకు అల్లోపతి రాయనిద్దామని 2017 నాటి జాతీయ మెడికల్ కమిషన్ బిల్లులో పెట్టారు. గొడవ జరిగింది, తీసేశారు. 2023 ఏప్రిల్‌లో గుజరాత్ కేసులో, ఆయుర్వేద డాక్టర్లు ఎంబీబీఎస్ డాక్టర్లతో సమానంగా జీతం అడగలేరని సుప్రీంకోర్టు చెప్పింది. ఎమర్జెన్సీ, ఆపరేషన్ల పని ఇద్దరిదీ ఒకటి కాదన్నది కారణం.

ఈ ఫైసలాలు నచ్చినా నచ్చకపోయినా ఇవి ఉన్నాయి. "ఎవడు అడుగుతాడు" అన్న పెద్దమనిషి ఆ రోజు కోర్టు బోనులో ఆమె పక్కన నిలబడడు. దొంగచాటుగా ఇంజెక్షన్ చేయమని ఒక ఆడపిల్లను ఐదున్నరేళ్ల ముందే తయారు చేస్తున్నాం. రాసే ప్రతి చీటీకీ భయపడే జిందగీ అది. పైగా ఆ ఇంజెక్షన్ పడేది ఎవరికి? పెద్దాసుపత్రికి పోలేని గరీబులకే. అందులో మనవాళ్లే ఎక్కువ.

అమెరికాలో ఉన్న చుట్టాలు ఇక్కడ ఒక మిసాల్ తెస్తారు. "మా అమ్మాయికి ఎండీ రాలేదు, రెండు డీఓ కాలేజీల్లో వచ్చింది, అక్కడ అదీ డాక్టరే కదా, యునానీ కూడా అలాంటిదే" అని. డీఓ అంటే ఆస్టియోపతి. ఎముకలు, కండరాలు చేత్తో సవరించే పద్ధతిగా మొదలైంది. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే ఆయన 1892లో మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. చాలాకాలం అక్కడా చిన్నచూపే. కాలిఫోర్నియాలో 1962లో డీఓ పట్టా వదులుకుని 65 డాలర్లు కడితే ఎండీ పట్టా చేతిలో పెట్టారు. అంటే ఒక పద్ధతిని ఏకంగా మింగేయాలని చూశారు. ఈ రోజు అమెరికాలో డీఓ అన్ని మందులూ రాస్తాడు, సర్జరీ చేస్తాడు. 2020 నుంచి రెండు పట్టాల వాళ్ల రెసిడెన్సీలూ ఒకే వ్యవస్థ కిందికి వచ్చాయి. అందుకే అక్కడి పిల్ల రెండు డీఓ కాలేజీల మధ్య ఫీజు, ఆస్పత్రి, ఊరు చూసుకుని నిశ్చింతగా ఎంచుకుంటుంది. ఎటు పోయినా లైసెన్సు పూరాయే.

అదే ఆస్టియోపతి లండన్‌లో? అక్కడ 1993 చట్టం కింద ఆస్టియోపాత్‌లకు వేరే రిజిస్టరుంది. వాళ్లు మన ఎంబీబీఎస్‌లాంటి డాక్టర్లు కారు. పేరు ఒకటే, సముద్రం దాటితే చేతిలో అధికారం మారిపోయింది. మార్చింది విరాసత్ కాదు, కానూన్. డీఓలు ఆ బరాబరీని జజ్బాత్‌తో సంపాదించలేదు. చదువును మార్చుకున్నారు, ఆస్పత్రులు కట్టుకున్నారు, పరీక్షలు రాశారు, కోర్టుల్లో కొట్లాడారు. మనం ఏం చేశాం? మిసాల్ మాత్రం అరువు తెచ్చుకున్నాం.

హోమియో వైపు వాళ్లు ఇప్పటిదాకా నవ్వుకుంటూ చదివి ఉంటే, వాళ్లకూ ఒక మాట. "దగ్గర" అన్నది చదువు కాదు. రైలెక్కితే పూట తిరక్కుండా రాజమండ్రి చేరొచ్చు, నిజమే. ప్రభుత్వ కాలేజీ, అదీ మంచిదే. కానీ 2015లో ఆస్ట్రేలియా జాతీయ ఆరోగ్య పరిశోధనా మండలి ఉన్న రుజువులన్నీ జల్లెడ పట్టి, హోమియో పనిచేస్తుందని నమ్మకంగా చెప్పగల జబ్బు ఒక్కటీ లేదంది. 2017లో ఇంగ్లండ్ ఎన్‌హెచ్‌ఎస్, హోమియో మందులు రాయొద్దని తన డాక్టర్లకు చెప్పింది. ఇవి ఆ పిల్లకు సీటు తీసుకునే ముందే తెలియాలి. మూడో సంవత్సరంలో తెలిసి, దిల్ టూట్‌కర్ ఇంటికి రావడం కాదు.

అలాగని యునానీకి రుజువుల గుట్టలేమీ లేవు. సీసం, పాదరసం లాంటి లోహాలతో చేసే కుష్తాల మీద సవాళ్లు ఉండనే ఉన్నాయి. అయితే నిజమైన విరాసత్ ఎలా ఉంటుందో చూపించే ఒక వాఖియా ఉంది. ఢిల్లీలో తిబ్బియా కాలేజీ కట్టిన హకీమ్ అజ్మల్ ఖాన్, సలీముజ్జమాన్ సిద్దీఖీ అనే రసాయన శాస్త్రవేత్తను చేరదీశాడు. సర్పగంధ వేరు మనవాళ్లు ఎప్పటినుంచో వాడుతున్నదే. సిద్దీఖీ దాన్ని ప్రయోగశాలలో పెట్టి 1931లో ఒక పదార్థాన్ని వేరు చేసి, హకీమ్ సాహెబ్ పేరు మీద అజ్మలీన్ అన్నాడు. గుండె లయ తప్పే ఒక జబ్బును బయటపెట్టే పరీక్షలో కార్డియాలజిస్టులు దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. ఒక హకీమ్ పేరు గుండె డాక్టరు సిరంజిలోకి అలా వెళ్లింది. నినాదాలతో వెళ్లలేదు. ఆ దారిలో నడుస్తానని ఏ పిల్లయినా అంటే కర్నూలు ఏమిటి, బెంగళూరులోని జాతీయ యునానీ సంస్థలో ఎండీ దాకా, హైదరాబాద్ ఎర్రగడ్డలో చర్మవ్యాధుల మీద పనిచేస్తున్న యునానీ పరిశోధన సంస్థ దాకా పంపండి. దువాలతో పాటు పైసలూ ఇచ్చి పంపండి.

కాబట్టి ఆప్షన్ పెట్టే ముందు ఆ పిల్ల, ఆమె అమ్మీ, అబ్బా కూర్చుని చూసుకోవలసినవి ఇవీ. ఆ కాలేజీకి ఈ ఏడాది ప్రవేశాలకు అనుమతి ఉందా? దాని ఆస్పత్రికి రోజూ నిజంగా మరీజులు వస్తున్నారా, రిజిస్టరులోనే వస్తున్నారా? ఇది తెలియాలంటే చెప్పకుండా ఒక సోమవారం పొద్దున వెళ్లి ఓపీ ముందు గంటసేపు కూర్చోండి. ఫీజు, హాస్టల్ ఖర్చు మొత్తం ఐదున్నరేళ్లకు కాగితం మీద ఎంత? పట్టా తర్వాత లైసెన్సు కోసం జాతీయ స్థాయి ఎగ్జిట్ పరీక్ష ఉండాలని 2020 చట్టాలు రెండు పద్ధతులకూ రాశాయి, దాని సంగతి తెలుసా? చివరగా, ఇంగ్లీషు మందు ఒక్కటి కూడా రాయకుండా ఈ పట్టాతో బతకగలనా, బతకాలని ఉందా? ఈ చివరి సవాల్‌కు దిల్ నుంచి "హా" అని వస్తే యునానీ అయినా, హోమియో అయినా ముబారక్.

"నహీ" అని వస్తే? రెండూ వదిలేయడమూ ఫైసలాయే. బీఎస్సీ నర్సింగ్ ఉంది, ఫిజియోథెరపీ ఉంది, ల్యాబ్ టెక్నాలజీ ఉంది. వీటిలో చేతికి వచ్చే పని కానూన్ ముందు తల ఎత్తుకుని చేసే పని. దొంగ ఇంజెక్షన్ వేసే డాక్టరమ్మ కన్నా, హక్కుతో సెలైన్ ఎక్కించే నర్సమ్మది వెయ్యి రెట్లు ఇజ్జత్. బోర్డు చూసి వచ్చే రిష్తా బోర్డు దిగగానే పోతుంది. మన ఇళ్లలో ఆ మాట చెప్పే ధైర్యం ముందు తల్లిదండ్రులకు రావాలి.

ఇక ఖౌమ్ పెద్దలకు అర్జ్. యునానీ బతకాలని మీకు నిజంగా ఉంటే పని చాలా ఉంది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో యునానీ పోస్టులు ఎన్ని ఖాళీగా ఉన్నాయో సమాచార హక్కు కింద అడగండి. యునానీ చదువుతామని తామే ముందుకొచ్చే పిల్లలకు ఐదున్నరేళ్ల హాస్టల్ ఖర్చు భరించండి. బళ్లలో ఉర్దూ టీచర్ల కోసం కలెక్టరు గ్రీవెన్స్‌కు ప్రతి సోమవారం వెళ్లండి. ఇవేవీ చేయకుండా, ప్రతి ఏడూ ఎంబీబీఎస్ తప్పిన ఒక ఆడపిల్లను పట్టుకుని విరాసత్‌కు పహరా కాయమంటే కుదరదు. విరాసత్‌ను కాపాడాల్సిన ఉమర్ మీది. ఆ పిల్లది ఇంకా చదువుకునే ఉమర్.