ఒంటరి ఎరుపు

శరత్తు అనగానే తెలుగు చదువుకున్నవాడి మనసులో మెదిలేవి వెన్నెల, తేటపడిన ఏటినీరు, రెల్లుపూలు. ఆ చిత్రంలో ఆకుకు చోటు లేదు. మన నేలమీద ఆకు రాలేది శిశిరంలో. అదీ చాలావరకు రంగుల ఆర్భాటమేమీ లేకుండా, ఎండుటాకై. బాదంచెట్టు ఒక్కటే గుర్తుంచుకోదగ్గ మినహాయింపు. అందువల్లనే కాబోలు, అమెరికా ఈశాన్య రాష్ట్రాలలో ఇల్లు కట్టుకున్న తెలుగువాళ్ళకు అక్టోబరు ఆకు కనువిందే గాని, దానిని పెరట్లోకి పిలుచుకునే విద్య మాత్రం వారసత్వంగా రాలేదు. మల్లెకు ఎప్పుడు కత్తిరింపు వేయాలో, గులాబికి ఏ ఎరువు వేయాలో మనకు ఇంటి పెద్దలు చెప్పారు. ఆకును చూసి మొక్కను ఎన్నుకోమని ఎవరూ చెప్పలేదు, క్రోటన్ల విషయంలో తప్ప.

ఫలితమేమిటో ఫిలడెల్ఫియా చుట్టుపక్కల ఏ వీధికి వెళ్ళినా కనిపిస్తుంది. ఇంటిముందు చెక్కపొట్టు పరచిన గుండ్రటి మడి. అందులో బంతిలా కత్తిరించిన బర్నింగ్ బుష్ ఒకటి. అక్టోబరులో రెండు మూడు వారాలు భగ్గున మండుతుంది. ఆ తరువాత పుల్లలు. ఈ అలవాటు మనవాళ్ళది మాత్రమే కాదు, ఇరుగుపొరుగును చూసి నేర్చుకున్నదే. కాని దీనిని శరత్కాలపు తోట అనడానికి నాకు నోరు రాదు. ఎరుపు ఒంటరిగా ఉన్నప్పుడు అది అందం కాదు, కేక. పైగా వెనుక ఎర్ర ఇటుకగోడ ఉందనుకోండి, ఆ కేక కూడా వినిపించదు!

రంగులు ఎలా పుడతాయో తెలిస్తే మొక్కలను ఎలా జతపరచాలో సగం తెలిసినట్లే. పగళ్ళు కురచవుతున్నకొద్దీ ఆకులోని పత్రహరితం విచ్ఛిన్నమవుతుంది. చెట్టు ఆకులోని నత్రజనిని కొమ్మల్లోకి వెనక్కి లాక్కుంటుంది. అప్పుడు బయటపడే పసుపు కొత్తది కాదు, వేసవి అంతా ఆకుపచ్చ చాటున దాగి ఉన్నదే. ఎరుపు అలా కాదు. అది ఆకులో మిగిలిన చక్కెరలతో అప్పటికప్పుడు తయారయ్యే రంగు. దానికి ఎండ కావాలి. పగలు వెలుతురు, రాత్రి మంచు గడ్డకట్టనంతటి చలి ఉంటే మరీ బాగా పండుతుంది. అందుకే ఎండలో నిప్పులా ఉండే పొద, చెట్టునీడలో వెలిసిన గులాబిరంగుకు దిగిపోతుంది. పసుపుకు ఆ పట్టింపు లేదు, నీడలోనూ వెలుగుతుంది. కనుక ఎరుపును ఎండకు, పసుపును నీడకు అప్పగించడం తోట వేసేవాడి మొదటి పని. చాలామంది దీనిని తిరగవేసి, తరువాత నర్సరీవాడిని తిట్టుకుంటారు.

ఎండపడే చోటుకు నాకు అత్యంత ప్రీతిపాత్రమైనది ఆమ్సోనియా. దారాల వంటి సన్నని ఆకులతో నడుము ఎత్తు గుబురుగా పెరుగుతుంది. ఆర్కాన్సా ప్రాంతపు మొక్క. తుంచితే పాలు కారుతాయి. ఎందుకంటే ఇది మన గన్నేరు, నందివర్ధనాల కుటుంబానికి చెందినదే. వసంతంలో పూసే లేతనీలి పూలు చూడముచ్చటగా ఉంటాయి గాని, దీని అసలు వైభవం అక్టోబరులోనే: గుబురంతా బంగారుతీగలవుతుంది. 2011లో అమెరికాలో ఆ ఏటి మేటి బహువార్షిక మొక్కగా దీనిని ఎంపిక చేశారు. దీని పాదాల దగ్గర ఊదారంగు ఆస్టర్లు నాటి చూడండి. ఆ కాలానికి పూచే చేమంతి జాతివి అవి. బంగారం పక్కన ఊదా చేరేసరికి రెండూ రెట్టింపవుతాయి. వెనుక పొడుగు రకం బ్లూబెర్రీ పొదలు. పండ్లకోసం పెంచుకునేవారు చాలామందే గాని, దాని ఆకు ఎరుపు బర్నింగ్ బుష్‌కు ఏమాత్రం తీసిపోదని గమనించినవారు తక్కువ. ఆమ్ల గుణమున్న మట్టి కావాలి, జింకల నుంచి రక్షణ కావాలి. ఆ మాత్రం శ్రమ తప్పదు. వీటన్నిటి నడుమ లిటిల్ బ్లూస్టెమ్ అనే గడ్డి దుబ్బులు నాలుగు. చెరకుకూ జొన్నకూ దూరపు చుట్టమిది. శరత్తులో రాగిరంగుకు తిరిగి, మిగతావన్నీ రాలిపోయినా చలికాలమంతా నిలబడుతుంది. పసుపుకూ ఎరుపుకూ మధ్య సంధి కుదిర్చేది ఈ గడ్డే. దీనిని వదిలేస్తే తోట జెండాలా కనిపిస్తుంది.

నీడలో స్పైస్‌బుష్. ఆకు నలిపితే సువాసన వస్తుంది. దాల్చినచెక్క కుటుంబం మరి. పెద్దచెట్ల కింద నిమ్మపండు పసుపుకు తిరుగుతుంది. దాని కింద మంచులోనూ పచ్చగా ఉండే క్రిస్మస్ ఫెర్న్ పరిస్తే ఆ పసుపుకు ఒక నేల దొరుకుతుంది. నీడా ఎండా కలిసే అంచున ఓక్ ఆకు హైడ్రాంజియా. అరచేయంత ఆకు, నవంబరుదాకా నిలిచే చిక్కని ఊదా ఎరుపు.

పచ్చదనం సంగతి మరువకూడదు. క్యోటోలోని తోఫుకుజి ఆలయానికి నవంబరులో వేలమంది వెళ్ళేది మేపుల్ ఆకుల ఎరుపు చూడడానికే. కాని అక్కడి నాచును, సతతహరిత వృక్షాలను తీసేసి ఊహించండి, ఆ ఎరుపులో సగం బలం పోతుంది. మన పెరట్లో ఆ పని ఒక హోలీ చెట్టో, జూనిపరో చేస్తుంది. ఇంకొక మాట: ఈ కాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి, కిందుగా తిరుగుతాడు. మీ కిటికీకీ ఆ సూర్యుడికీ మధ్య మొక్కను నాటితే వెలుగు ఆకులోంచి దూసుకువస్తుంది. అప్పుడు ఆకు రంగు వేసిన కాగితం కాదు, దీపం.

ఇంతవరకు రుచి గురించిన వాదన, కాదనేవారు కాదనవచ్చు. ఇక చెప్పబోయేది అలాంటిది కాదు. బర్నింగ్ బుష్, జపనీస్ బార్బెరీ, కాలరీ పేర్ - శరదృతువు రంగుకోసం ఈ దేశంలో విరివిగా నాటిన ఈ మూడూ ఆసియానుంచి వచ్చినవి. మూడింటి గింజలనూ పక్షులు అడవుల్లోకి మోసుకెళ్ళాయి. బార్బెరీ మన వైద్యంలోని దారుహరిద్రకు దగ్గరి బంధువే, కాని ఇక్కడి అడవి అడుగున ముళ్ళపొదగా అల్లుకుపోయి స్థానిక మొక్కలకు ఊపిరాడనివ్వదు. జింకలు దానిని ముట్టుకోవు, పక్కనున్న వాటిని తింటాయి. దాని గుబుర్లలో తేమ నిలుస్తుంది. లైమ్ వ్యాధిని మోసే గోమార్లు అక్కడ అధికంగా ఉంటాయని కనెక్టికట్‌లో జరిగిన పరిశోధనలు తేల్చాయి. పిల్లలు ఆడుకునే పెరటి వెనుక అడవి ఉన్నవారికి ఇది అలంకారశాస్త్ర చర్చ కాదు. మసాచుసెట్స్‌లో బర్నింగ్ బుష్, బార్బెరీల అమ్మకం 2009 నుంచే నిషిద్ధం. కాలరీ పేర్‌ను ఒహాయో 2023 జనవరి నుంచి నిషేధించింది. పెన్సిల్వేనియా బార్బెరీని 2021లో హానికర జాబితాలో చేర్చి, గింజ కట్టని కొన్ని రకాలను మినహాయించి, 2023 నుంచి అమ్మకం ఆపించింది.

"మా పెరట్లోది ఇరవయ్యేళ్ళుగా ఉంది, ఎక్కడికీ పోలేదు" అంటారు. నిజమే, పొద ఎక్కడికీ పోదు. దాని గింజలు పోతాయి, మనం చూడని చోటికి. పరదేశం నుంచి వచ్చిన మనమే పరదేశపు మొక్కను తప్పుపట్టడమేమిటని చమత్కరించేవారూ ఉన్నారు. ఈ పోలిక వినడానికి బాగుంటుంది గాని నిలబడదు. నా తగవు మొక్క పుట్టినచోటుతో కాదు, వచ్చినచోట అది చేస్తున్న పనితో. ఇదే జపాన్ నుంచి వచ్చిన మేపుల్ ఒకటి నా ముంగిట్లో ఉంది, దానిని పీకే ఉద్దేశం నాకు లేదు.

మార్చదలచినవారికి శరత్తే అనువైన అదను. నేల ఇంకా వెచ్చగా ఉండి వేళ్ళు పడతాయి, నర్సరీలు ధరలు తగ్గిస్తాయి. పైగా ఒకే జాతిలో ఒక మొక్క రంగు మరొకదానికి ఉండదు; కుండీలో ఉండగానే కళ్ళారా చూసి ఏరుకోవచ్చు. అంతకుముందు ఒక పూట డెలవేర్‌లోని మౌంట్ క్యూబా సెంటర్‌కు వెళ్ళివస్తే మంచిది. అక్కడ ఈ ప్రాంతపు మొక్కలు ఒకదాని పక్కన ఒకటి ఎలా ఒదుగుతాయో చూడవచ్చు. స్పైస్‌బుష్ మాత్రం ఒక్కటి కొనకండి, మూడైనా కొనండి. ఆడ, మగ మొక్కలు వేరువేరు. రెండూ ఉంటేనే పసుపు ఆకుల మధ్య ఎర్రని పండ్లు కాస్తాయి, పిట్టలు మిగిల్చితే.