పిల్లల నెత్తిమీద స్కేలు

జూన్‌లో బడులు తెరవగానే మా మీద పడే పనుల్లో పిల్లల ఎత్తూ బరువూ రాసుకోవడం ఒకటి. గోడకు టేపు అంటించి ఉంటుంది. చెప్పులు విప్పించి, మడమలు గోడకు ఆనించి, చూపు తిన్నగా ఉంచమని చెప్పి, నెత్తిమీద స్కేలు అడ్డంగా పెట్టి అంకె చదువుతాం. జిల్లా పరిషత్ హైస్కూల్లో పీఈటీగా చాలా ఏళ్ల నుంచి ఈ పని చేస్తున్నాను. ఆరో తరగతి పిల్లలు ఆ గోడ దగ్గరికి పోటీపడి పరుగెత్తుకొస్తారు. ఎనిమిదికి వచ్చేసరికి ఎవరూ మామూలుగా నిలబడరు. పొడుగు ఆడపిల్ల మోకాళ్లు కొద్దిగా వంచి, మెడను భుజాల్లోకి లాక్కుంటుంది. పొట్టి మగపిల్లాడు మడమలు లేపుతాడు. జుట్టు పైకి దువ్వుకుని వచ్చేవాళ్లూ ఉన్నారు. "మేడం, గట్టిగా చదవకండి" అని చెవి దగ్గరకొచ్చి అడుగుతారు. చదవను. రిజిస్టర్లో రాసుకుంటాను, అంతే.

ఆ భయం ఇంట్లోంచి వస్తుంది, వీధిలోంచి వస్తుంది, బళ్లో మా నోటివెంటా వస్తుంది. పిల్లల రంగు గురించి నలుగురిలో మాట్లాడకూడదన్న ఇంగితం ఇప్పుడిప్పుడే కొంత అలవడుతోంది. ఎత్తు గురించి మాత్రం ఎవరైనా ఏమైనా అనేయొచ్చు. కరెంటు స్తంభం, తాటిచెట్టు, నిచ్చెన. లేదంటే పొట్టి బుడంకాయ, గుండ్రాయి. పేరంటానికి వచ్చినావిడ కూడా పిల్లను ఎగాదిగా చూసి ఓ మాట అనేసి తాంబూలం పుచ్చుకుని వెళ్తుంది. లెక్కలు రాకపోతే నేర్చుకోవచ్చు, దస్తూరీ బాగోకపోతే దిద్దుకోవచ్చు. ఎత్తు విషయంలో పిల్ల చేయగలిగింది ఏమీ లేదు. చేయగలిగింది ఏమీ లేనిదాని గురించి రోజూ మాటలు పడటం పసివాళ్లను లోపల్నుంచి తినేస్తుంది. ఈ మాట గట్టిగా చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు. తెనాలి దగ్గర పల్లెటూళ్లో పెరిగాను. అమ్మ నాకు పరికిణీ కుట్టించేటప్పుడు అడుగున వరసగా మడతలు పెట్టించేది, ఏడాదికొకటి విప్పుకోవచ్చని. ఎనిమిదో తరగతిలో సంక్రాంతికి కుట్టించిన పరికిణీకి వేసవి సెలవుల్లోపే మడతలన్నీ అయిపోయాయి. విప్పిన చోటల్లా లోపలి గుడ్డ వెలవకుండా ముదురు రంగు గీతలా కనిపించేది. బావి దగ్గర ఆడవాళ్లు ఆ గీతలు లెక్కపెట్టి అమ్మకు చెప్పేవారు. "ఇంకా పెరిగితే దీనికి మొగుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తావే" అని మా అమ్మమ్మ బెంగపడేది. నాకప్పటికి పదమూడేళ్లు. "కాస్త వంగి నడు అమ్మాయ్, రేపు ఈడూజోడూ కుదరొద్దూ" అని మావయ్య ప్రేమగానే చెప్పేవాడు. ఇంట్లో ఎవరూ నా చెడు కోరలేదు. అయినా వాళ్లు చెప్పినట్టే వంగి నడిచాను. పదో తరగతికి వచ్చేసరికి నా వీపు పైభాగం గూనిలా వంగింది, మెడ ముందుకు వచ్చింది.

మా డ్రిల్లు మాస్టారు నన్ను వాలీబాల్ నెట్టు ముందు నిలబెట్టింది అప్పుడే. ఆడవాళ్ల నెట్టు ఎత్తు రెండు మీటర్ల ఇరవైనాలుగు సెంటీమీటర్లు. చేతులు పైకెత్తి ఎగరమన్నారు. ఎగిరాను, చూపు మాత్రం అలవాటుగా నేలమీదే ఉంది. "అమ్మాయ్, బంతి పైనుంటే కింద ఏం వెతుకుతున్నావు?" అన్నారాయన. ఎగతాళిగా అనలేదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగారు. ఆ వారంలోనే మొదటిసారి ఓ స్మాష్‌ను ఆపాను. నెట్టు తెల్లపట్టీ మీదుగా రెండు చేతులూ అవతలికి చాచి, వేళ్లు విడదీసి పట్టుకుంటే, బంతి అరచేతులకు తగిలి కొట్టినమ్మాయి కాళ్ల దగ్గరే పడింది. చేతులు మంటపుట్టాయి. వెనక నిలబడ్డ అమ్మాయిలు నా పేరు పెట్టి అరిచారు. అంతవరకు ఊళ్లో అందరికీ అడ్డంగా కనిపించిన నా ఎత్తు ఆ సాయంత్రం మరో ఐదుగురికి అవసరపడింది. వీపు వెంటనే తిన్నబడలేదు, దానికి చాలాకాలం పట్టింది.

ఈ కథ చెప్తే "చూశారా, పొడుగుంటే వాలీబాల్ ఆడించాలి" అంటారు కొందరు. అది కాదు నేననేది. పొడుగు పిల్ల బొమ్మలు వేసుకోవచ్చు, అకౌంట్లు రాసుకోవచ్చు. ఎత్తుకు ఓ ప్రయోజనం చూపిస్తేనే ఒప్పుకుంటామనడం కూడా అన్యాయమే.

అయినా ఆ ఆట నుంచే మరో సంగతి చెప్పాలి. వాలీబాల్ పొడుగువాళ్ల ఆటే, అందులో సందేహం లేదు. మా జిల్లా జట్టులో ఓ అమ్మాయి ఉండేది, ఐదడుగులకు కాస్త ఎక్కువ. నేలకు జానెడు ఎత్తులో ఉన్న బంతిని కూడా పడుకుని లేపేది. కానీ రొటేషన్‌లో ముందు వరసకు రాగానే ఆమె మీదుగా కొట్టేవాళ్లు, అందుకని ఎప్పుడూ బెంచీ మీదే. 1998లో అంతర్జాతీయ వాలీబాల్ సమాఖ్య లిబరో అనే స్థానం తీసుకొచ్చింది. వేరే రంగు చొక్కా వేసుకుని వెనక వరసలోనే ఆడే మనిషి. నెట్టు పైనుంచి బంతి కొట్టకూడదు, బ్లాక్ చేయకూడదు. కాచుకోవడం, అందుకోవడం, లేపడం, అదే పని. వెనక వరసలో ఎవరి బదులైనా ఎన్నిసార్లయినా లోపలికి రావచ్చు. ఆ నియమం మా టోర్నమెంట్ల దాకా వచ్చాక ఆ అమ్మాయి బెంచీ మీద కూర్చోలేదు. ఆమె ఎత్తు ఒక్క అంగుళం కూడా పెరగలేదు, ఆట నియమమే మారింది. అంత పొడుగువాళ్ల ఆటే తన నియమాల పుస్తకంలో పొట్టివాళ్లకు చోటు రాసుకోగలిగినప్పుడు బడీ, బస్సూ, ఉద్యోగమూ ఎందుకు రాసుకోలేవు?

మా బళ్లో పిల్లలకు 2017 గ్లాస్గో ప్రపంచ బ్యాడ్మింటన్ ఫైనల్ చూపిస్తుంటాను. ఒకవైపు ఐదడుగుల పది అంగుళాల పీవీ సింధు, తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ ఆడినవాళ్లు. ఇంకోవైపు ఐదడుగులకు ఒకట్రెండు అంగుళాలు ఎక్కువున్న జపాన్ అమ్మాయి ఒకుహారా. నూటపది నిమిషాల ఆట, అందులో ఒక ర్యాలీ డెబ్బైమూడు షాట్లు. చివరికి ఒకుహారా గెలిచింది. రెండేళ్లకు బాసెల్‌లో అదే ఇద్దరి మధ్య ఫైనల్, సింధు 21-7, 21-7తో గెలిచింది. ఎవరి ఎత్తూ ఈ రెండేళ్లలో మారలేదు. ఇది చూపించాక నేనేమీ చెప్పను, పిల్లలే వాదించుకుంటారు.

పెళ్లి సంగతికి వస్తాను, ఎందుకంటే ఆడపిల్ల ఎత్తు మీద మాటలన్నీ చివరికి అక్కడికే చేరతాయి. పత్రికల్లో పెళ్లి ప్రకటనలు చూడండి, చాలావాటిలో వయసు తర్వాత వచ్చేది ఎత్తే. అమ్మాయి ఏం చదివిందో ఆ తర్వాత. నాకు సంబంధాలు చూస్తున్నప్పుడు "అబ్బాయికన్నా ఎక్కువండీ" అనే ఒక్క మాటతో వెనక్కి వెళ్లినవి చాలా ఉన్నాయి. మా ఆయన నాకన్నా మూడంగుళాలు తక్కువ. రిసెప్షన్‌లో ఫొటోగ్రాఫర్ ఎక్కణ్ణుంచో ఓ పీట తెచ్చి, ఎవరికీ కనబడకుండా పంచె అంచు కింద ఆయన కాళ్ల దగ్గరికి జరిపాడు. ఎక్కి నిలబడండి సార్, ఫొటో బాగా వస్తుంది అని గుసగుసగా చెప్పాడు. ఆయన పీటను కాలితో పక్కకు జరిపి, "ఆవిడ ఎత్తు ఆవిడది. ఫొటోలో కూడా అలాగే రానివ్వండి" అన్నారు. ఆ ఫొటో మా హాల్లో ఉంది. చూసినవాళ్లు ఏమనుకుంటారో నేనెప్పుడూ పట్టించుకోలేదు. ఒక మగవాడు నలుగురిలో ఆ మాట అనడానికి ఎంత ధైర్యం కావాలో మాత్రం నాకు తెలుసు. పొడుగు భార్య పక్కన నిలబడితే తన మగతనమేదో తగ్గిపోతుందని మనం మగపిల్లలకు చిన్నప్పట్నుంచీ నూరిపోస్తున్నాం. ఆడపిల్లను వంగి నడవమనడం, మగపిల్లాణ్ణి ఎదగలేదని దెప్పడం, రెండూ ఒకే లెక్కలోంచి పుట్టాయి.

ఆ లెక్క ఉద్యోగాల్లోకీ వచ్చింది. మన తెలుగు రాష్ట్రాల్లో కానిస్టేబుల్ ఉద్యోగానికి మగవాళ్లు 167.6 సెంటీమీటర్లు ఉండాలి, ఆడవాళ్లు 152.5. ఏజెన్సీ ప్రాంత గిరిజన యువకులకు 160కి తగ్గించారు. మా బళ్లో చదివిన ఓ కుర్రాడికి చిన్నప్పట్నుంచీ పోలీసు కావాలని. పదహారు వందల మీటర్లు ఎనిమిది నిమిషాల్లో పరుగెత్తాలంటే, ఆరు నిమిషాల్లోనే పరుగెత్తేవాడు. ఎత్తు మాత్రం 166 దగ్గర ఆగింది. నిద్రలేచినప్పుడు మనిషి సాయంత్రంకన్నా దాదాపు ఓ సెంటీమీటరు ఎక్కువ ఉంటాడు, రోజంతా నిలబడితే వెన్నుపూసల మధ్య డిస్కులు కాస్త నొక్కుకుపోతాయి కాబట్టి. అది తెలుసుకుని కొలతల రోజు కారు వెనక సీట్లో పడుకుని వెళ్లాడు. అయినా సరిపోలేదు. 2019లో గ్రామ సచివాలయాల ఎనర్జీ అసిస్టెంట్ ఉద్యోగాలకు పరీక్ష పెట్టినప్పుడు స్తంభం ఎక్కించారు, సైకిలు తొక్కించారు, మీటరు రీడింగు చదివించారు. అందులో గెలిచి ఇవాళ లైన్ల మీద పనిచేస్తున్నాడు. చేయబోయే పనినే పరీక్షగా పెడితే ఎంత న్యాయంగా ఉంటుందో చూడండి. పోలీసు ఉద్యోగానికి దేహదారుఢ్యం కావాలి, కాదనను. పరుగూ, లాంగ్‌జంపూ ఉన్నాయి కదా. సాధనతో వచ్చేదాన్ని పరీక్షించండి. సాధనతో రాని ఒకట్రెండు సెంటీమీటర్లు తక్కువైనందుకు ఇరవై ఏళ్ల కుర్రాణ్ణి గేటు దగ్గర్నుంచి పంపించేయడంలో ఏ సామర్థ్యం తేలుతుంది? నియామక మండళ్లు ఈ కొలతను మళ్లీ ఆలోచించాలి.

ఇలాంటి కుర్రాళ్ల ఆశ మీద బతికే వ్యాపారం ఒకటుంది. మూడు నెలల్లో మూడంగుళాలు అని ఫోన్లలో వచ్చే ప్రకటనలు, బస్టాండు గోడల మీద కాగితాలు. ఎముకల చివర మృదువుగా ఉండే పెరుగుదల భాగం ఆడపిల్లల్లో పదిహేనేళ్లకు అటూఇటూగా, మగపిల్లల్లో పదిహేడుకు అటూఇటూగా గట్టిపడిపోతుంది. ఆ తర్వాత ఏ పొడీ, ఏ చూర్ణమూ, బారుకు వేలాడటమూ ఎత్తు పెంచలేవు. వేలాడితే భుజాలు బలపడతాయి, అది మంచిదే. మనుషుల ఎత్తు పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం నిషేధిస్తుంది. ఆ షెడ్యూలులో మధుమేహం, క్యాన్సర్‌లతో పాటు ఎత్తు కూడా ఉంది. కొన్ని పొడులు మందులమని చెప్పుకోకుండా ఆహారమని రాసుకుని వస్తాయి. తల్లిదండ్రులు వాటికి పెట్టే డబ్బు పెట్టి రోజూ గుడ్డు కొనివ్వొచ్చు. వయసుకు తగ్గట్టు పెరగకుండా పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయినా, విపరీతంగా సాగిపోతున్నా చూపించాల్సింది డాక్టరుకి. థైరాయిడ్ లోపమో, హార్మోన్ లోపమో ఉంటే ఎముకలు గట్టిపడకముందే వైద్యం ఉంది.

మనం వాడే వస్తువులు కూడా ఒకే కొలత మనిషిని మనసులో పెట్టుకుని తయారయ్యాయి. చీర పొడవు ఎంతున్నా పన్నా చాలక నాలాంటివాళ్లకు కుచ్చిళ్లు చీలమండ దాటవు. బళ్లో ఆరో తరగతివాడికీ పదో తరగతివాడికీ ఒకటే బల్ల. పొడుగు పిల్లలను ఎప్పుడూ చివరి బెంచీకి పంపుతాం, బోర్డు కనబడుతోందో లేదో అడగం. 2025లో హైదరాబాద్ సిటీ బస్సుల్లో పనిచేసే ఏడడుగుల కండక్టరు గురించి పత్రికల్లో వచ్చింది. బస్సు లోపల ఎత్తు 195 సెంటీమీటర్లయితే ఆయన 214. డ్యూటీ అంతా మెడ వంచుకునే చేసేవాడు, మెడనొప్పితో ఆస్పత్రుల చుట్టూ తిరిగేవాడు. ఆ వార్త చదువుతుంటే నా పదో తరగతి వీపు గుర్తొచ్చింది. ఆ తర్వాత ప్రభుత్వం స్పందించి వేరే పని ఇవ్వాలని చూసింది, సంతోషం. మరోవైపు నాలుగడుగుల పది అంగుళాలు, అంటే 147 సెంటీమీటర్లకు మించి ఎదగని మరుగుజ్జుతనాన్ని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యంగా గుర్తించింది. చట్టం గుర్తించినా బ్యాంకు కౌంటరూ, ఏటీఎం మీటలూ వాళ్ల చేతికి అందే ఎత్తుకు దిగిరాలేదు.

ఎత్తు గురించి పెద్దవాళ్లు నిజంగా మాట్లాడవలసిన చోటు ఒకటుంది. ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగిన ఎత్తు లేనివాళ్లు, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, దేశంలో 35.5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 31.2, తెలంగాణలో 33.1. తెలంగాణలో అంతకు ముందు సర్వే నాటికి 28 దగ్గరున్నది పెరిగింది. తల్లిదండ్రుల పోలికతో వచ్చిన పొట్టితనం కాదిది. తల్లి కడుపులో ఉన్నప్పుడూ పుట్టిన రెండేళ్లలోపూ చాలినంత తిండి లేక, మాటిమాటికీ విరేచనాలు పట్టి, ఎదగాల్సిన పిల్ల ఎదగకుండా ఆగిపోవడం. ఆ పిల్లలే పదేళ్లకు మా గోడ దగ్గరికి వస్తారు, మేము స్కేలు పెడతాం, అప్పటికి చేయగలిగింది పెద్దగా ఉండదు. పెళ్లిలో కనిపించిన పిల్లను ఎంత పెరిగావే అని అడిగే నోళ్లన్నీ అంగన్‌వాడీ దగ్గర ఎందుకు మూతపడతాయో నాకు అర్థం కాదు. మీ ఊరి అంగన్‌వాడీలో ఈ నెల ఎంతమంది పిల్లల ఎత్తు కొలిచారు, ఎందరు వెనకబడ్డారు, బాలామృతం ప్యాకెట్లూ గుడ్లూ ఏ తేదీన వచ్చాయి, గర్భిణులకు ఎన్నాళ్లు అందలేదు, వచ్చే గ్రామసభలో లేచి అడగండి. జవాబు రాకపోతే ఆ తర్వాతి సభలోనూ అడగండి.