పగలు కూడా లైటా?

‘లైటు వెలుగుతోంది’ అని సిగ్నల్ దగ్గర సైగ చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. 2017 ఏప్రిల్ 1 నుంచి తయారైన టూవీలర్లకు ఇంజన్ స్టార్టవగానే హెడ్‌లైట్ దానంతటదే వెలగాలన్నది నిబంధన. అది మీకు దారి కనబడడానికి కాదు, ఎదుటివాళ్లకు మీరు కనబడడానికి. బ్యాటరీ దిగిపోతుందని కొందరు పేరెంట్స్ దానికి విడిగా స్విచ్ పెట్టించుకుంటున్నారు. బండి నడుస్తుంటే బ్యాటరీ ఛార్జ్ అవుతూనే ఉంటుంది కదా! ఎండలోంచి మైండ్‌స్పేస్ అండర్‌పాస్‌లోకి దిగగానే ఎవరికైనా కళ్లు ఒక్క క్షణం చీకట్లు కమ్ముతాయి. అప్పుడు లేన్ మారబోయే క్యాబ్ డ్రైవర్‌కు అద్దంలో మీ స్కూటర్, వెనక బ్యాగుతో కూర్చున్న మీ పాప కనబడాలి. దయచేసి ఆ స్విచ్ తీయించేయండి. కార్లవాళ్లూ వానలో లో బీమ్ వేయండి. స్కూల్ గేటు ముందు మాత్రం హై బీమ్ వద్దు, రోడ్డు దాటే పిల్లలకు కళ్లు చెదురుతాయి.