తుపాను దారి మారినచో దోషమెవరిది?

బంగాళాఖాతమున వాయుగుండము పుట్టినదన్న వార్త వచ్చినంతనే మన పట్టణములలో నొక వినోదము మొదలగుచున్నది. "నిన్న ఒంగోలనిరి, నేడు మచిలీపట్నమనుచున్నారు, రేపు కళింగపట్నమందురు కాబోలు! ఈ శాస్త్రజ్ఞుల మాటకంటె మన పంచాంగమే నయము" అని పఠనమందిరముల అరుగులపై కూర్చుండి నవ్వువారు కొల్లలుగా నున్నారు. మిద్దె యింటివానికి ఈ నవ్వు కాలక్షేపము. కాని యిది అరుగు మీదనే ఆగిపోదు. తీరమున తాటాకు పాకలోనున్న పల్లెకారుని చెవి సోకి, హెచ్చరికపై అపనమ్మకమగును. ఆ అపనమ్మకమునకు మూల్యము ఏదో యొక రాత్రి చెల్లింపబడును. కావున ఈ విషయమై నిష్కర్షగా కొన్ని మాటలు చెప్పుట మా విధియని తలచుచున్నాము.

మొదట దారి యేల మారునో తెలిసికొందము. తుపాను తన త్రోవను తాను నిర్ణయించుకొనునది కాదు. దాని చుట్టును పైనను వీచు మహావాయుప్రవాహములు దానిని త్రోసికొని పోవును. ప్రవాహము బలముగా నున్నచో దారి తిన్నగా నుండును. రెండు ప్రవాహముల నడుమ చిక్కెనా, నిలిచిపోవచ్చును, వెనుదిరుగవచ్చును, వంకర పోవచ్చును. ఉపగ్రహములు పైనుండి చూచుచున్నవి. విశాఖపట్నమున, మచిలీపట్నమున రాడార్లు కావలి కాయుచున్నవి. ఐనను రాడారు చూపు కొన్ని వందల కిలోమీటర్లకు మించదు. నడిసముద్రమున విమానముతో తుపాను గర్భమున ప్రవేశించి కొలతలు తీయుట అమెరికాలో వాడుక. మన బంగాళాఖాతమున నిత్యాచారము కాదు.

ఇన్ని యిబ్బందుల నడుమను మన వాతావరణ శాఖ లెక్క నానాటికి మెరుగుపడుచున్నది. ఇటీవలి సంవత్సరములలో 24 గంటల ముందు చెప్పిన స్థానమునకును, తుపాను నిజముగా చేరిన స్థానమునకును నడుమ సగటు భేదము సుమారు 70, 80 కిలోమీటర్లు. 48 గంటల ముందైనచో 100 దాటును. బాపట్లనుండి మచిలీపట్నము తిన్నగా కొలిచిన నంతియే దూరము! అనగా రేపు బాపట్లయని చెప్పిన తుపాను మచిలీపట్నమున దాటినను, అది శాస్త్రము ముందే యొప్పుకొనిన భేదమునకు లోబడినదే. ఈ సంగతిని శాఖవారు దాచలేదు. 2009 నుండియు పటముపై గీతకు ఇరువైపుల, దూరము పెరిగినకొలది వెడల్పగు శంఖాకారమును గీసి, "తుపాను కేంద్రము ఇందెచ్చటికైన పోవచ్చును" అని చూపుచునే యున్నారు. ఆ శంఖమును విడిచి నడుమనున్న సన్నగీతను మాత్రము చూచి, "మా యూరు తప్పినది" అని నిద్రించువాని అజ్ఞానమునకు శాస్త్రము బాధ్యత వహింపజాలదు.

గీతను నమ్ముకొనుట యెంత ప్రమాదమో మన దివిసీమయే సాక్ష్యము. 1977 నవంబరు 19వ తేదీ తుపాను కేంద్రము తీరము దాటినది చీరాల, నిజాంపట్నముల ప్రాంతమున. కాని ఉప్పెన మ్రింగినది అందుకు తూర్పుననున్న దివిసీమను. మన తీరమున తుపాను కేంద్రమునకు కుడిప్రక్క గాలి సముద్రమును నేలమీదికి త్రోయును. ఎడమప్రక్క నేలనుండి సముద్రమువైపు వీచును. ప్రభుత్వ లెక్కలే సుమారు పదివేల ప్రాణములు పోయినవని చెప్పుచున్నవి. కేంద్రమెచ్చట దాటునని అడుగుట సగము ప్రశ్న. నీరు మా యూరికెంత యెత్తున వచ్చునని అడుగుట మిగిలిన సగము. మన పత్రికలును, టెలివిజనులును మొదటి ప్రశ్నను పండుగవలె మ్రోగించి రెండవదానిని మరచుచున్నవి.

రాని తుపానునకు జనమును కదలించి కష్టపెట్టిరని కొందరి యాక్షేపణ. 2013 నవంబరులో లెహర్ అతి తీవ్ర తుపానుగా మన తీరముపైకి వచ్చుచు, దారిలోనే బలముడిగి, 28వ తేదీన మచిలీపట్నము సమీపమున వట్టి వాయుగుండమై దాటెను. ఊపిరి పీల్చుకొనవలసినవారు హేళన చేసిరి. 2022 మేలో అసని విషయము వేరు. అది తీరమును సమీపించి, మరల ఈశాన్యముగా తిరిగి సముద్రముననే పోవునని తొలి యంచనా. కాని అది మరింత దగ్గరకు వచ్చి, 11వ తేదీన మచిలీపట్నము, నరసాపురముల నడుమ తీవ్ర వాయుగుండముగా తీరము దాటెను. ఒకటి వచ్చునన్నంత బలముతో రాలేదు. రెండవది రాదనుకొన్నచోటికి వచ్చినది. మొదటిదానికి నవ్వినవారు రెండవదానికి ఏమందురు? ఆ రెండవది బలముడుగక వచ్చియుండిన ఏమగును?

"నాన్నా పులి" యని అరచిన పిల్లవాని కథను కొందరు దృష్టాంతముగా తెచ్చుచున్నారు. ఆ పిల్లవాడు లేని పులిని ఉన్నదనెను. ఇచ్చట పులి యున్నది. అడవినుండి బయలుదేరినది కూడ. మన పెరటివైపు రాక వేరొక బాట పట్టినది. కేక వేసిన వానిని కొట్టుట యే నీతి?

ముందుమాట విలువ యెంతయో చరిత్ర చెప్పుచున్నది. 1864 నవంబరు 1 రాత్రి మచిలీపట్నమును ఉప్పెన ముంచినపుడు ముందుగా తెలుపువాడు లేడు. సుమారు 30 వేలమంది మరణించిరి. 1977 నాటి విధ్వంసము పైన చెప్పితిమి. 1990 మేలో అట్టిదే భయంకర తుపాను మరల కృష్ణా ముఖద్వారమువైపు వచ్చినది. ఈసారి ఆరు లక్షలకు పైగా జనమును ముందుగా తరలించిరి. మృతులు వేయిలోపు. అదియు అల్పసంఖ్య కాదు; కాని పదివేలకును వేయికిని నడుమనున్న ప్రాణములన్నియు దారి రూఢి యగువరకు వేచియుండక కదలినందున దక్కినవే.

ఇక అసలు విషయమునకు వత్తుము. అంచనా అనిశ్చితమైనపుడు ఆ అనిశ్చితికి వెల యెవరో యొకరు చెల్లింపక తప్పదు. నేడు చెల్లించుచున్నదెవరు? వేటకు పోవలదన్న పల్లెకారుడు. పాకకు తాళమువేసి, మేకను విడిచి, బిడ్డలతో బడిలో రెండు రాత్రులు పండుకొన్న కూలి. గాలివాన రాకముందే కోయుమనగా పచ్చివడ్లు కోసిన రైతు. తుపాను వచ్చి కూల్చినచో వీరికి బియ్యము, కొంత రొక్కము ఇచ్చిన సందర్భములు లేకపోలేదు. రానిచో? కూలి పోయినది, వల ఎండినది, తడివడ్లకు 17 శాతమునకు మించి తేమ యున్నదని కొనుగోలు కేంద్రమున వంక పెట్టుచున్నారు. ప్రభుత్వపు మాట విని కదలినవాడు నష్టపోవుచు, వినక కూర్చున్నవాడు లాభపడుచుండగా, మరుసటిసారి మాట వినువాడెవడు? అపనమ్మకమును పెంచునది పటముపై గీత కదలుట కాదు, ఈ అన్యాయము.

కావున మా కోరిక స్పష్టము. పల్లెను కదలుమని ఆజ్ఞాపించిన దినమునుండియే, తుపాను వచ్చినను రాకున్నను, ఆ కుటుంబమునకు దినకూలి హక్కుగా చెల్లవలెను. అది దయాదానము కారాదు. ఉత్తరువునకు కట్టుబడి కోసిన పంటకు తేమ నిబంధనను సడలించి, వడ్లు కప్పుటకు పట్టలు ముందుగానే ఊరికి చేర్పవలెను. అధికారులు దారి స్థిరపడువరకు చేతులు ముడుచుకొని కూర్చుండరాదు. ఒక లంకగ్రామమును ఖాళీచేయ నెన్ని గంటలు పట్టునో లెక్కించి, గాలి మొదలగుటకు అన్ని గంటల ముందే కదలింపవలెను. గీత నిలుచునాటికి గట్టుమీది బాట నీట మునిగియుండును. హెచ్చరిక మారినపుడెల్ల ఏల మారినదో, మరల నేగంటకు చెప్పెదరో, ఏయే గ్రామములకు నీటిభయము కలదో తేటతెలుగున తెలుపవలెను.

పట్టణవాసులారా! మీకును ఒక పని కలదు. గంటయు తేదీయు లేని పాత పటములను చేతిఫోనులలో త్రిప్పుట మానుడు. మీ పఠనమందిరపు గోడపై వాతావరణ శాఖవారి తాజా ప్రకటనను గంటతోసహా అంటింపుడు. క్రొత్తది రాగానే పాతదానిని చింపివేయుడు. చదువురాని వచ్చినవానికి చదివి వినిపింపుడు. తుపాను తప్పిపోయిన మరునాడు అరుగుమీద నవ్వు వచ్చినచో, బడిలో చాపచుట్టుకొని తిరిగి పాకకు పోవుచున్న ఆ కుటుంబమును తలచుకొనుడు. వారు మోసపోలేదు, బ్రదికియున్నారు. వారు పోగొట్టుకొన్న రెండు దినముల కూలిని మనము ఋణపడియున్నాము. ఆ ఋణమును తీర్చినగాని, మరియొక రాత్రి "కదలుడు" అని వారికి చెప్పుటకు మనకు అధికారము లేదు.