గోదావరి యొడ్డున భూగోళ పాఠము

మన కమాన్‌పూరునకు సముద్రము మిగుల దూరము. అయినను మన విద్యార్థులు 2022లో జిల్లాయైన కోనసీమను గూర్చి చక్కగ నప్పగింతురు. 1839లో తుపాను కోరంగి రేవును ముంచుటయు, 1852 నాటికి కాటన్ దొర ధవళేశ్వరపు టానకట్టను ముగించుటయు వారికి దెలియును. సంతోషమే. కాని యా కోనసీమ నేలకు ఒండ్రు ఏ దారిని బోయినదని యడిగినచో మాటాడరు. నాసిక ప్రాంతమున బుట్టిన గోదావరి, రామగుండము, మంథనుల నొరసికొనుచు, మన వాగుల నీటిని గూడ గలుపుకొని పోయి యా తీరమును గట్టినది. కావున తీరదేశపు పాఠమును మన యొడ్డుననే యారంభింపవలెనని మా యభిప్రాయము.

ఇచట విషయమునకు గొదువ లేదు. ఇరువదియైదు కోట్ల యేండ్లకు పూర్వమే గోండ్వానా భూమిపై చిత్తడి నేలల యడవులు ఇసుకక్రింద నణగి బొగ్గైనవి. 1871లో కింగ్ దొర ఇల్లెందు ప్రాంతమున బొగ్గును గనుగొనెను. 1920లో సింగరేణి కంపెనీ యేర్పడెను. పెద్దబంకూరు త్రవ్వకములలో శాతవాహనుల నాణెములు వేలకొలది దొరకినవి. రామగిరి కోటను జూడని బాలుడు మనలో నుండడు. ఆ కోట పేరిటి మండలము 2016లో మన మండలమునుండియే విడివడినది. అదే యేట మనము కరీంనగరు జిల్లాను విడిచి పెద్దపల్లిలో జేరితిమి. పాత పటములింకను గోడలపై వ్రేలాడుచున్నవి!

పరీక్షలో రానిదాని కింత కాలమేల యని తలిదండ్రులడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. మార్కులు రావు. కాని భూగర్భపు గనిపైన ఊరు చాలమట్టుకు నిలుచును; ఓపెన్‌కాస్టు గని వచ్చినచో ఊరే లేచిపోవలయును. పరిహారపు కాగితములలో సర్వే నంబరుండును, విస్తీర్ణముండును. కుంట పేరు, మోటబావిని ద్రవ్వించినవారి పేరు, బొడ్రాయి నిలిచిన చోటు ఉండవు. పునరావాస కాలనీలో బుట్టిన బిడ్డకు వానిని జెప్పు తాతయు కొన్నాళ్లకు మిగులడు.

ఎనిమిదవ తరగతి మొదలు ప్రతి విద్యార్థియు వేసవి సెలవులలో నవ్వతాతలయొద్ద గూర్చుండి తన యూరి పటమును గీయవలెను. కొలత తప్పినను బాధ లేదు, పేరు తప్పరాదు. ఆ పటములను పాఠశాల గ్రంథాలయమున భద్రపఱుపవలెను. గని యంచున నున్న యూళ్లవారి పటములు మొదట రావలెను.