జీపు క్రౌన్ తెప్పించే ముందు పళ్లు లెక్కపెట్టండి

మిర్చి కోతలు మొదలైతే మన దగ్గర పాత జీపులన్నీ బయటికొస్తాయి. కూలీలను తేవాలన్నా, కల్లం నుంచి టిక్కీలు రోడ్డెక్కించాలన్నా, చర్ల, దుమ్ముగూడెం వైపు వాగులు దాటాలన్నా వాటితోనే పని. రాత్రిపూట పురిటి మనిషిని భద్రాచలం ఆసుపత్రికి తీసుకుపోయేదీ చాలా ఊళ్లల్లో అదే బండి. సరిగ్గా అప్పుడే వెనక హౌసింగ్‌లో కటకట మొదలైతది. మెకానిక్ విప్పి చూసి, "క్రౌన్ పోయింది, విజయవాడ ఆటోనగర్ నుంచి పాతది తెప్పిద్దాం" అంటాడు. మనం "సరే" అంటాం. ఆ సరే అనే ముందు ఒక్క నిమిషం ఆగండి.

"జీపుదే గదా, పడుద్ది" అనే మాట నమ్మొద్దు. మహీంద్రా వాళ్లు 1947లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టిన కాలం నుంచి వచ్చిన బళ్లల్లో, హౌసింగ్ చూపుకు ఒక్క తీరుగానే ఉన్నా లోపల సామాను ఒక్కటి కాదు. క్రౌన్‌కు 43 పళ్లు, పినియన్‌కు 8 ఉంటే అది 5.38 రేషియో. 39, 8 అయితే 4.88. 41, 11 అయితే 3.73. క్రౌన్, పినియన్ కంపెనీలో జతగా రుద్ది, రెండింటి మీదా ఒకే జత నంబరు వేస్తారు. ఒక బండి క్రౌన్, ఇంకో బండి పినియన్ కలిపితే పళ్ల లెక్క సరిపోయినా అరుపు ఆగదు, కొన్నాళ్లకు పళ్లు రాలతాయి.

చాలామంది చూడనిది కేజ్. క్రౌన్‌ను బోల్టులతో బిగించేది దాని మీదనే. 11 పళ్ల పినియన్ తల లావుగా ఉంటది, 8 పళ్లది సన్నంగా ఉంటది. అందుకని క్రౌన్ కూర్చునే చోటు కూడా జరగాలి. ఈ స్పైసర్ రకంలో 3.73, అంతకన్నా తక్కువ రేషియోలకు ఒక కేజ్, 3.92 నుంచి పైకి ఇంకో కేజ్. 3.73 కేజ్ మీద 4.88 క్రౌన్ పెడితే అది పినియన్‌ను అందదు. తిరగేసి పెడితే అసలు పట్టదు. అప్పుడు మధ్యలో ప్లేటు పెట్టి పొడుగు బోల్టులు వేద్దామంటారు. నా మటుకు నేను ఒప్పుకోను. మనుషులెక్కే బండికి ఆ అతుకులెందుకు? యాక్సిల్ స్ప్లైన్లు కూడా చూడాలి. పాతవాటికి 10, తర్వాతవాటికి 19, 30 కూడా ఉన్నాయి. లోపలి గేరు, యాక్సిల్ ఒకటే లెక్క ఉండాలి.

ఫోర్ వీల్ బండి అయితే ఇంకా జాగ్రత్త. ముందు 39/8, వెనక 43/8 పడితే పదింట ఒక వంతు తేడా. లివర్ వేయగానే ముందు చక్రాలు ఒక లెక్క, వెనక చక్రాలు ఒక లెక్క తిరగాలని చూస్తాయి. ఆ గుంజులాట అంతా ట్రాన్స్‌ఫర్ గేరు మీద పడుద్ది. వాగు మధ్యలో ఆగిపోతే ఎవరిని పిలుస్తాం?

విప్పకుండానే లెక్క తెలుసుకోవచ్చు. కింద నిలిచే చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. గేరు న్యూట్రల్, ఫోర్ వీల్ తీసేసి, హ్యాండ్ బ్రేక్ వదిలేయండి. ఒక్క వెనక చక్రమే జాకీతో లేపి, కింద స్టాండు పెట్టి, రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు సుద్దతో గీత పెట్టి పక్కనుంచి చూడాలి, బండి కింద దూరొద్దు. షాఫ్ట్ ఐదు చుట్లు తిరిగి ఇంకో మూడో వంతుకు కాస్త ఎక్కువ పోతే 43/8. ఐదుకు కొంచెం తగ్గితే 39/8. రెండు చుట్లు ఎందుకంటే, ఒక చక్రం నేల మీద ఆగి ఉంటే లేపిన చక్రం రెండింతలు తిరుగుద్ది.

క్రౌన్, పినియన్, కేజ్ మూడూ ఒకే బండివి కలిపి కొంటే ఖర్చు ఎక్కువే. కానీ విడిగా తెచ్చి, పట్టక, మళ్లీ విప్పే కూలి రెండుసార్లు ఇచ్చేదీ మనమే గదా. సీజన్‌లో బండి నాలుగు రోజులు నిలబడితే ఆ నష్టం ఏ బిల్లులోనూ రాదు. అందుకే షాపతను పళ్ల లెక్క, స్ప్లైన్ల లెక్క బిల్లు మీద రాస్తేనే డబ్బులివ్వండి. రాయనంటే ఆ సామాను వద్దు.

మీ బండికి ముందు ఎంత, వెనక ఎంత వచ్చిందో తిప్పి చూసి కింద రాయండి. ఎవరి దగ్గర ఏ సెట్ ఉందో తెలిస్తే మనలో మనమే మార్చుకోవచ్చు.